పూజలో పెట్టిన బెల్టు

నాకు కోపం ముక్కు మీద ఉంటుంది. ఈ సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు, నేను పనిచేసిన ప్రతి కట్టడంలో పనివాళ్ళకూ తెలుసు. డిప్లొమా చదివి, ఆ పైన ఒక ఏడాది సేఫ్టీ కోర్సు చేసి, బళ్ళారి ఊరి బయట కడుతున్న ఐదంతస్తుల హాస్టల్ భవనానికి సేఫ్టీ సూపర్‌వైజర్‌గా చేరినప్పుడు నా చేతికి ఒక ఈల, ఒక రిజిస్టరు, ఒక తెల్ల హెల్మెట్ ఇచ్చారు. పొద్దున ఎనిమిదికి అందరినీ వరసగా నిలబెట్టి పది నిమిషాలు మాట్లాడడం, ఆ తరువాత సాయంత్రం దాకా వాళ్ళ వెంటపడి అరవడం నా ఉద్యోగం. హెల్మెట్ ఏది, బూట్లు ఏవి, బెల్టు కొక్కెం దేనికి తగిలించావు, ఆ కరెంటు తీగ నీళ్ళలో ఎందుకు నానుతోంది. నా వెనకాల నన్ను ఈలమ్మ అనేవాళ్ళు. ముందర మేడమ్ అనేవాళ్ళు. ఈలమ్మే నయమనిపించేది, అందులో కాస్త చనువైనా ఉంది.

మా నాయన దోణిమలై గనుల వైపు టిప్పర్ నడిపేవాడు. మా ఇంట్లో తలుపు వెనక మేకుకు ఆయన హెల్మెట్ వేలాడుతూ ఉండేది. అది లేకుండా గేటు దాటనివ్వరని ఆయన చెప్పేవాడు. కాబట్టి చెప్పులు ఎట్లాగో హెల్మెట్ కూడా అట్లాగే అని నేను అనుకుంటూ పెరిగాను. ఇళ్ళు కట్టే పనిలోకి వచ్చాక గానీ తెలియలేదు, అది ఎంత బరువైన వస్తువో. మా వైపు తాపీ పనివాళ్ళు తలకు తువ్వాలు చుట్టుకుంటారు. దాని మీద హెల్మెట్ కూర్చోదు. తువ్వాలు తీయవయ్యా అంటే బజారులో పరువు తీసినట్టు చూస్తారు. మూడు నెలలు కొట్లాడి, చివరికి తువ్వాలు మెడకు చుట్టుకునేటట్టు ఒప్పించాను. అదే నా మొదటి విజయం.

రెండోది బెల్టు. ఎత్తున పనిచేసేవాళ్ళు భుజాలకూ నడుముకూ తొడలకూ కట్టుకుని, తాడు చివరన ఉన్న కొక్కేన్ని గట్టి ఇనుప పైపుకు తగిలించుకోవాల్సిన బెల్టు అది. దానికి మా మేస్త్రి పెట్టిన పేరు ఎద్దుపగ్గం.

ఆ మేస్త్రి గురించి చెప్పాలి. ఆయనది సిరుగుప్ప తాలూకా దేశనూరు. మా అమ్మ పుట్టిన ఊరు కూడా అదే. చుట్టరికం లేదు, కానీ అమ్మ ఊరివాడు కాబట్టి మామ. నేను చేరిన మొదటి రోజే ఎవరి బిడ్డనో కనుక్కుని, ఆ వరస ఆయనే ఖాయం చేశాడు. అందరూ మేడమ్ అంటుంటే ఆయన మాత్రం పాపా అనేవాడు. యాభై దాటినవాడు, సన్నగా, ఎండుమిరపకాయలా ఉండేవాడు. ఊళ్ళో కొంచెం మడి ఉంది, కాలవ నీళ్ళు వస్తే వరి వేస్తారు. నీళ్ళు లేని నెలల్లో మొదలుపెట్టిన తాపీ పని తరువాత ఏడాది పొడుగునా పనైంది. ఆయన చేతిలో గోడకు పూత పడితే మళ్ళీ మట్టం పెట్టి చూడనక్కర్లేదు.

"ముప్పై ఏండ్ల నుంచి సారువ మింద నిలబడి పనిచేస్తాండా పాపా," అన్నాడు, నేను బెల్టు చేతికిచ్చిన రోజు. పరంజాను మా వైపు సారువ అంటారు. "ఒక్క దినమన్నా పడినానా? ఇప్పుడు నన్ను ఎద్దును గుంజకు కట్టేసినట్టు కట్టేస్తావా?"

"కట్టేస్తాను మామా. ఎద్దు కన్నా నీతోనే నాకు ఎక్కువ పనుంది," అన్నాను.

నవ్వాడు, కానీ కట్టుకోలేదు. నేను చూస్తుంటే తగిలించుకునేవాడు, నేను మలుపు తిరగగానే విప్పేవాడు. ఒకసారి దొంగతనంగా వెనక్కి వచ్చి పట్టుకున్నాను. ఆ రోజు నేను అరిచిన అరుపుకు పక్క సైటులో మిక్సర్ ఆపి చూశారట. ఆయన తల వంచుకుని నిలబడ్డాడు. మా అమ్మకన్నా పెద్దవాణ్ణి అంతమంది ముందు అన్నన్ని మాటలు అన్నందుకు ఆ సాయంత్రం నాకు అన్నం సయించలేదు. మర్నాడు మళ్ళీ అరిచాను.

ఆయన మనసు మార్చింది నా అరుపులు కాదు. ఒకనాడు మూడో అంతస్తు బయటివైపు పూత వేస్తున్నాడు. నేను కిందే ఉన్నానని విధిలేక బెల్టు వేసుకున్నాడు. తడి పలక మీద కాలు జారింది. నేను తలెత్తి చూసేసరికి మనిషి గాలిలో వేలాడుతున్నాడు. తాపీ వచ్చి నా ముందు పడింది. కిటికీ కోసం వదిలిన ఖాళీలోంచి ఇద్దరు చేతులు చాచి లోపలికి లాగారు. కిందికి వచ్చి ఇసుక కుప్ప మీద కూర్చుని చెంబెడు నీళ్ళు తాగి, చాలాసేపు బీడీ వెలిగించడానికి ప్రయత్నించాడు. చివరికి నేనే వెలిగించి ఇచ్చాను.

"నీ ఎద్దుపగ్గం నన్ను ఇడ్చిపెట్టలేదు సూడు పాపా," అన్నాడు.

అప్పటి నుంచి ఆయన నాకన్నా పెద్ద సేఫ్టీ సూపర్‌వైజర్ అయ్యాడు. బెల్టు లేనివాడు తన పక్కన నిలబడి పని చేయగూడదని పట్టుబట్టేవాడు. కొత్తగా వచ్చినవాళ్ళకు కొక్కెం ఎక్కడ తగిలించాలో, ఎక్కడ తగిలించకూడదో, నేను ఇంగ్లీషు బొమ్మల కాగితం చూపించి చెప్పే సంగతిని ఆయన రెండు ముక్కల్లో చెప్పేవాడు. పొద్దున పూట పది నిమిషాల మాటల్లో ఐదు నిమిషాలు ఆయనకే వదిలేసేదాన్ని. నాకు ఆ ఉద్యోగంలో దొరికిన గొప్ప సంతోషం అదే. ఒక మనిషిని పోగొట్టుకోకుండా కాపాడానని అనుకుంటూ ఇంటికి పోయేదాన్ని.

ఆ ఏడాది ఆయుధపూజ వచ్చింది.

కట్టడాల్లో ఆయుధపూజ పెద్ద పండగ. ముందు రోజే మిక్సర్ కడుగుతారు, తాపీలు, మట్టాలు, తూకం గుండ్లు, పారలు, ఇనుము వంచే సామాను అన్నీ తోమి వరసగా పెడతారు. నవమి పొద్దున వాటికి పసుపు కుంకుమ పెట్టి, చేమంతులు వేసి, కొబ్బరికాయ కొట్టి, బూడిద గుమ్మడికాయ పగలగొట్టి, అందరికీ బొరుగులూ బెల్లమూ పంచుతారు. మరుసటి రోజు దశమి పొద్దున హారతి ఇచ్చి కదిలించే దాకా పూజలో పెట్టిన వస్తువును ఎవరూ ముట్టరు. తాపీ పెడితే తాపీ పని లేదు. ఇంట్లో కత్తిపీట పెడితే కూర తరగడం లేదు. పిల్లలు పుస్తకాలు పెడితే చదువు లేదు. ఆ ఒక్క రోజు సెలవు కోసం నేను చిన్నప్పుడు లెక్కల పుస్తకాన్ని అందరికన్నా ముందు తీసుకుపోయి పెట్టేదాన్ని.

అంతకు ముందు ఏడాది పూజలో హెల్మెట్లూ బెల్టులూ లేవు. స్టోరు గదిలో ఒక మూల సిమెంటు సంచుల మీద కుప్పగా పడున్నాయి. అది చూసి నాకు అప్పుడే ఒళ్ళు మండింది. ఈ ఏడాది ముందుగానే చెప్పాను.

"మీకు అన్నం పెట్టేది తాపీ. నిజమే. ఆ అన్నం తినడానికి మిమ్మల్ని ఇంటికి పంపేది ఏది? బెల్టు కాదా? దానికి ఒక పువ్వు కూడా పెట్టరా? ఈసారి హెల్మెట్లు, బెల్టులు అన్నీ పూజలో ఉండాలి. వెనకాల కాదు, అన్నిటికన్నా ముందు."

మేస్త్రి మామ పొంగిపోయాడు. "పాప చెప్పింది సరిగ్గా ఉండాది," అన్నాడు. "నన్ను కాపాడినది అదే గదప్పా. దానికి మొక్కకుంటే యెట్ల?" ఆయనే కూర్చుని బెల్టులన్నీ సబ్బు నీళ్ళలో నానబెట్టి, బ్రష్షుతో రుద్ది, తీగ మీద ఆరేశాడు. ఏడాది మురికి పోయి పసుపు రంగు బయటపడింది. పూజ రోజు స్టోరు గది వాకిట్లో బల్ల మీద తెల్లగుడ్డ పరిచి, బెల్టులను చక్కగా మడిచి వరసగా పెట్టాడు. ఒక్కొక్క కొక్కేనికీ కుంకుమ బొట్టు. వాటి మీదుగా పొడుగాటి చేమంతి దండ. ఫోటో తీసి ఆఫీసు గ్రూపులో పెట్టాను. అన్ని సైటుల నుంచీ మెచ్చుకోళ్ళు వచ్చాయి. పై ఆఫీసర్ ఒకాయన, వచ్చే ఏడాది నుంచి అన్నిచోట్లా ఇట్లాగే చేయాలని రాశాడు. నాకు గర్వంగా ఉండింది. దాచుకోవడం దేనికి, చాలా గర్వంగా ఉండింది.

పూజ పదకొండున్నరకు అయిపోయింది. ఇంజినీరు సార్ హారతి కళ్ళకద్దుకుని, అందరికీ పండగ చెప్పి, కారుకు కట్టిన అరటి పిలకలు ఊడిపోకుండా చూసుకుంటూ వెళ్ళిపోయాడు. పనివాళ్ళు బొరుగుల పొట్లాలు పట్టుకుని ఒక్కొక్కరే బయల్దేరారు. మధ్యాహ్నానికి మబ్బు పట్టింది. ఉన్నట్టుండి గాలి లేచింది. మా భవనం పక్కనే రోడ్డు. పూజ చేసిన ట్రాక్టర్లూ ఆటోలూ పూలదండలతో ఆ దారినే తిరుగుతున్నాయి. ట్రాక్టర్ల నిండా ఆడవాళ్ళూ పిల్లలూ.

పై నుంచి టపటపమని చప్పుడు వినబడింది. తలెత్తి చూశాను. నాలుగో అంతస్తు బయట, పరంజా మీద నడవడానికి పరిచిన చెక్క షీటు ఒకటి, కట్టిన తీగ తెగిపోయి, ఒక కొన లేచి లేచి పడుతోంది. ఊడితే నేరుగా రోడ్డు మీదికి వస్తుంది.

మేస్త్రి మామ ఇంకా పోలేదు. చేతులు కడుక్కుంటున్నాడు.

"మామా, ఆ షీటు చూడు," అన్నాను.

ఆయన కూడా చూశాడు. "తీగ తెగిండాది. కింద యెవరి నెత్తిన్నో పడితే పండగ పూట యెంత గాచారం. ఉండు, కట్టేసి వస్తా. బీడీ తాగేంత సేపు పని."

"బెల్టు," అన్నాను.

ఆయన స్టోరు వాకిలి వైపు చూశాడు. నేనూ చూశాను. దీపం గాలికి ఆరిపోకుండా ఎవరో డబ్బా అడ్డం పెట్టారు. బెల్టుల మీద దండ కదలకుండా ఉంది.

"పూజలో పెట్టినాము గదా పాపా. రేపు పొద్దున దాకా ముట్టుకోగూడదు," అన్నాడు. "నువ్వే గదా ముందర పెట్టమంటివి."

ఎత్తిపొడుపుగా అనలేదు. మురిపెంగా అన్నాడు. నేను ఆ వస్తువుకు తెచ్చిపెట్టిన గౌరవాన్ని ఆయన కాపాడుతున్నాడు, నాకోసం.

రెండేళ్ళుగా ఊరంతా వినబడేటట్టు అరిచినదాన్ని, ఆ ఒక్క నిమిషం అరవలేదు. ఎందుకో ఎన్నిసార్లు ఆలోచించానో లెక్కలేదు. నాలో కూడా లెక్కల పుస్తకం ముట్టుకోకూడదనే చిన్నపిల్ల ఉంది. అదొకటి. దండ తీసి బెల్టు లాగితే, మేడమే పూజను మైల చేసిందని రేపు అందరూ అంటారేమో, మళ్ళీ బెల్టులు మూల కుప్పలోకి పోతాయేమో అని కూడా తట్టింది. పొద్దున గ్రూపులో వచ్చిన మెచ్చుకోళ్ళు కూడా తలలో ఉన్నాయి. ఇవన్నీ కలిసి ఎంతసేపు? ఆయన తీగ చుట్ట తీసుకుని మొలలో దోపుకునేంత సేపు.

"పదిలం మామా," అన్నాను.

ఆయన పూజ కోసం విప్పిన చెప్పులు కూడా వేసుకోలేదు. వట్టి కాళ్ళతోనే ఎక్కాడు. నేను ఏం చేశానో తెలుసా? రోడ్డు మధ్యలోకి పోయి, ఈల వేసి, రెండువైపులా బండ్లు ఆపాను. చేతులు చాచి నిలబడ్డాను. ట్రాక్టర్ల వాళ్ళు ఏమైంది మేడమ్ అని అడిగితే పైకి చూపించాను. ఐదు నిమిషాలు రోడ్డు ఆపగలిగినదాన్ని, ఆ పూటంతా ఆపి ఉండొచ్చు. రెండు డ్రమ్ములు అడ్డం పెట్టి, తాడు కట్టి, దారి మళ్ళించి ఉంటే సరిపోయేది. షీటు పడితే పడేది. నా డిప్లొమా పుస్తకంలో మొదటి పాఠమే అది. మనిషికి బెల్టు కట్టడం ఆఖరి ఉపాయం, అసలు పైకి ఎక్కాల్సిన అవసరమే లేకుండా చేయడం మొదటి ఉపాయం. నేను వందమందికి ఆ పాఠం చెప్పాను.

ఆయన ఒక కొన కట్టాడు. రెండో కొన అందుకోవడానికి షీటు మీద మోకాలు ఆనించాడు. గాలి కింద నుంచి దాన్ని ఎత్తింది. ఆయన పైపు పట్టుకోబోయాడు. చెయ్యి అందలేదు.

నేను అక్కడే ఉన్నాను. కళ్ళు మూసుకోలేదు. మూసుకుని ఉంటే బాగుండేది.

సైటు జీపులో ఆస్పత్రికి తీసుకుపోయాం. తల నా ఒడిలో ఉండింది. డాక్టరు నాడి చూసి తల అడ్డంగా ఊపాడు. ఇంకోసారి చూడండి, సరిగ్గా చూడండి అని ఆయన మీద కూడా అరిచాను. ఆయన పాపం ఇంకోసారి చూశాడు.

మర్నాడు దశమి. ఊళ్ళో అందరూ బన్ని ఆకు, అదే జమ్మి ఆకు, ఇచ్చిపుచ్చుకుని, బంగారంలా ఉందామని ఒకరికొకరు చెప్పుకునే రోజు. పొద్దున్నే ఇంజినీరు సార్ నన్ను సైటు ఆఫీసుకు పిలిపించాడు. శవం ఇంకా ఆస్పత్రిలోనే ఉంది. ప్రమాదం గురించి మొదటి కాగితం ఇవ్వాలి. అచ్చు వేసిన ఫారం బల్ల మీద ఉంది. ప్రమాదానికి కారణం అని ఒక గడి. దాని పక్కన నా రిజిస్టరు. అందులో అన్నీ సక్రమంగా ఉన్నాయి. బెల్టు ఇచ్చిన రోజు ఆయన సంతకం. శిక్షణ తీసుకున్న రోజు సంతకం. ప్రతి పొద్దునా మాటలకు హాజరైనట్టు సంతకం. అంత శుభ్రమైన రిజిస్టరు బళ్ళారిలో ఇంకే సైటులోనూ ఉండదు.

"ఈడ ఏం రాయాల్నో నేను చెప్తా, నువ్వు రాయమ్మా," అన్నాడు సార్. "బెల్టు ఇచ్చినాము, ఏసుకోమని చెప్పినాము, కార్మికుడు ఏసుకోకుండా ఎక్కినాడు. అంతే. ఇందులో అబద్ధం ఏముండాది చెప్పు?"

"ఏసుకోమని చెప్పలేదు సార్. బెల్టు అన్నా. అంతే అన్నా."

"అన్నావు గదా. సుమ్నె, ఊరికే మనసు పాడు చేసుకోవద్దు. నువ్వు వయసులో ఉన్నదానివి, ఇంకా ఎన్నో సైట్లు చూడాల." గొంతు తగ్గించి చెప్పాడు. ఆయనా రాత్రంతా నిద్రపోలేదని కళ్ళు చూస్తే తెలుస్తోంది. "ఇంటోళ్ళకు రావాల్సింది యెట్ల రాసినా వస్తాది. నేను దగ్గరుండి ఇప్పిస్తా. మాట యెవరి మింద పడాల్నో, అదొక్కటే మన చేతిలో ఉండాది. సచ్చినోడి మింద పడితే ఆయనకేం నష్టమమ్మా?"

రాశాను. సంతకం పెట్టాను. ఎప్పుడూ పెట్టినట్టే చక్కగా, కింద గీత గీసి పెట్టాను.

ఆ మధ్యాహ్నం ఆయన్ని దేశనూరుకు తీసుకుపోయారు. నేను పోలేదు. పోయే ముఖం లేదు. స్టోరు వాకిట్లో పూజ అలాగే ఉంది. కదిలించడానికి ఎవరికీ చెయ్యి రాలేదు. చివరికి నేనే కూర్చుని దండ తెంచి, బెల్టులు ఒక్కొక్కటే తీసి, కొక్కేల మీది కుంకుమ తుడిచాను. తాపీ పడుకుంటే ఆ పూటకు గోడ లేవదు, అంతకన్నా ఏమీ కాదు. పనిముట్టు పడుకున్న రోజు పని కూడా పడుకుంటుంది, అందుకే మనవాళ్ళు ఆ ఆచారం పెట్టుకున్నారు. బెల్టు పనిముట్టు కాదు. అది పడుకున్నా ఎత్తు పడుకోదు, గాలి పడుకోదు. ఇంత చిన్న సంగతి నాకు ఆ బల్ల ముందు కూర్చున్నప్పుడు అర్థమైంది.

తొమ్మిదో రోజు దేశనూరు పోయాను. దినం కర్మకు ఏర్పాట్లు చూడడానికి మగవాళ్ళంతా కెంచనగుడ్డ ఏటిగట్టుకు పోయారు. మామ భార్య పంచలో గోడకు ఆనుకుని కూర్చుంది. ఆమెను అంతకు ముందు ఒక్కసారే చూశాను. లేవబోతుంటే వద్దని పక్కన కూర్చున్నాను. ముఖంలో దుఃఖం లేదు. దవడలు బిగపట్టి, పళ్ళు నొప్పి ఉన్న మనిషిలా ఉంది.

"నువ్వేనా పాపా," అంది. "ఇంటికొస్తే నీ మాటే సెప్తా ఉండె. మా దేశనూరు పాప, ఈలేసుకుంటా తిరుగుతాది, బెల్టు లేకుంటే ఒప్పుకోదు అని. అంత సెప్తివంట గదా. మల్ల యినకపాయనే."

ఆమె కొంగు భుజం మీదికి లాక్కుంది.

"మా మరిది కాగితం సదివి సెప్పె. ఏసుకోమన్యా ఏసుకోలేదని రాసినారంట. అది యిన్నప్పటి నుంచి నాకు ఏడుపు రాలేదు పాపా. కోపమొచ్చె. మాకంతా సెప్తా తిరిగినోడికి తన ఒళ్ళు తనకు బరువాయనా? నన్నూ ఈ ఇంటినీ బీడీముక్క మాత్రం గూడ లెక్క సేయకపాయనే అని. తెచ్చి పండబెట్టినారు గదా, మొగం తిప్పుకుంటి. నెత్తిన నీళ్ళు పోసేటప్పుడు గూడ తిట్టుకుంటానే పోస్తి. అందరూ ఏడుస్తాంటే నేను తిడతాంటి. ఇప్పుటికీ తిడతానే ఉండా."

చచ్చినవాడికేం నష్టమని సార్ అడిగిన మాటకు జవాబు నా పక్కనే కూర్చుని ఉంది. మామకు దక్కాల్సిన కన్నీళ్ళు కూడా నా సంతకం ఆపేసింది.

"అత్తా," అన్నాను. "మామ నా మాట ఇనకపోవడం కాదు. నా మాట ఇన్నందుకే పోయినాడు."

ఆమె నా వైపు తిరిగింది. మొత్తం చెప్పాను. పూజలో బెల్టులు పెట్టమన్నది నేను. కడిగి, మడిచి పెట్టింది ఆయన. షీటు చూపించింది నేను. రోడ్డు మీద పోయే పిల్లల నెత్తిన పడుతుందని ఎక్కింది ఆయన. బెల్టు అన్నాను, పూజలో ఉందన్నాడు, పదిలం మామా అన్నాను. ఇంకో మాట అనలేదు. కాగితంలో రాసింది కూడా నేనే. చెబుతున్నంతసేపూ ఆమె నన్ను కొడితే బాగుండునని చూశాను. కొట్టలేదు.

"పూజలో ఉండాదని ఏసుకోలేదా," అంది నెమ్మదిగా. ఇంకోసారి అంది, నాతో కాదు. తరువాత కొంగు నోట్లో కుక్కుకుంది. తొమ్మిది దినాలుగా లోపల గడ్డకట్టుకున్నదంతా ఒక్కసారిగా వచ్చింది. "తిడితినే. నిన్ను పండబెట్టి తిడితినే. నీ మొగం గూడ సూడకపోతినే," అని నేలకు తల కొట్టుకుంటుంటే పట్టుకున్నాను. పక్కింటి ఆడవాళ్ళు పరుగెత్తుకొచ్చారు. ఇన్నాళ్ళకు ఏడ్చిందని వాళ్ళు కూడా ఏడ్చారు. అందరికీ నేనే మళ్ళీ మొదటి నుంచీ చెప్పాను.

రేపు పోయి కాగితం మార్చి రాసిస్తానని అత్తకు మాట ఇచ్చాను. రాసిచ్చాను కూడా. కార్మిక శాఖ ఆఫీసులో ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకున్నాను. దాంతో ఆ ఉద్యోగం పోయింది, విచారణలకు తిరగడం మొదలైంది, ఇంజినీరు సార్ ఎదురుపడితే తల తిప్పుకుంటాడు. అదంతా భరించగలిగేదే. అక్కడ అందరూ ఏవేవో అడిగారు. బెల్టు ఎవరు కొన్నారు, శిక్షణ ఎప్పుడిచ్చారు, ఆ రోజు సెలవా కాదా. అత్త ఆ రోజు అడిగిన మాట మాత్రం ఎవరూ అడగలేదు.

ఏడుపు తగ్గి, ఎవరో తెచ్చిన నీళ్ళు తాగి, ముఖం తుడుచుకున్నాక అడిగింది. అప్పటికి పక్కింటివాళ్ళు వాకిట్లోకి పోయారు. పంచలో మేమిద్దరమే ఉన్నాం.

"ఒక మాట సెప్పు పాపా. నువ్వు ఆ బెల్టు పూజలోనుంచి తీసి చేతికిచ్చి, ఏసుకో మామా అనింటే, ఏసుకునేవాడా?"

లేదు అత్తా, దేవుడి దగ్గర పెట్టినదాన్ని ఆయన ముట్టేవాడు కాదు అని చెప్పొచ్చు. నాలుక చివరికి వచ్చింది కూడా. ఆ మాటతో ఆమెకు కొంత ఊరట దొరుకుతుంది, నాకు బతుకంతటికీ సరిపడా దొరుకుతుంది. కానీ ఆమె నా కళ్ళలోకే చూస్తోంది.

"ఏసుకునేవాడు అత్తా," అన్నాను. "నేను చెప్పింటే ఏసుకునేవాడు."

ఆమె తల ఊపింది.

"ఊ," అంది. "ఏసుకునేవాడే."